చావు జరిగిన ఇల్లు కడిగే పని: కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏ దారిలో మొదలుపెడితే నిలబడుతుంది

నెలకు ఇద్దరు ముగ్గురు కుర్రోళ్ళు నాకు ఫోన్ చేసి దాదాపు ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, అమెరికాలో హత్య జరిగిన ఇల్లు కడిగితే లక్షలిస్తారంట, వీడియోల్లో చూసినా, మన కర్నూల్లో అట్లాంటి కంపెనీ పెడితే నడుస్తాదా?" అని. ఒక్కొక్కరికీ ముప్పావు గంట చెప్పాల్సి వస్తోంది, అయినా సగం విషయాలు మర్చిపోతున్నా, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నేను తొమ్మిదేళ్ళు ఆసుపత్రి హౌస్‌కీపింగ్‌లో సూపర్‌వైజర్‌గా చేశాను. తర్వాత సొంతంగా ఒక చిన్న టీం పెట్టుకుని ఇళ్ళు, క్లినిక్‌లు, అప్పుడప్పుడు చావు జరిగిన గదులు కడిగే పనిలో ఉన్నాను.

ముందే నా జవాబు చెప్పేస్తా. అదొక్కటే నమ్ముకుని కంపెనీ పెడితే మన మూడు ఊళ్ళలో ఏ ఊళ్ళోనూ నడవదు. కానీ ఆ పని తెలిసినవాళ్ళు మాత్రం మూడు ఊళ్ళకూ కావాలి.

ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారో చూడండి. ఒంటరిగా ఉన్న ముసలాయన అద్దె గదిలో చనిపోతాడు, నాలుగో రోజు వాసన వస్తే తెలుస్తుంది, పోలీసులు వస్తారు, పంచనామా అవుతుంది, శవాన్ని పెద్దాసుపత్రి మార్చురీకి తీసుకుపోతారు. గది అట్లాగే ఉంటుంది. ఇంటి ఓనరు వీధి ఊడ్చే మనిషిని పిలిచి, చేతిలో ఐదొందలు పెట్టి, ఒక క్వార్టర్ సీసా కూడా ఇచ్చి, "తాగి చేసెయ్, ఏమీ అనిపించదు" అంటాడు. ఆ మనిషి చేతికి గ్లౌజులుండవు, కాళ్ళకు చెప్పులుంటే ఎక్కువ. అట్లా ఎవరూ దొరక్కపోతే చనిపోయినాయన కూతురే కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని బకెట్, పొరక పట్టుకుని కూర్చుంటుంది. నేను రెండూ కళ్ళారా చూశాను, రెండూ జరగకూడదనే ఈ పనిలో ఉన్నాను. మీరూ రావాలనే నా కోరిక, కాకపోతే ఆరు నెలల్లో షట్టర్ దించేసే పద్ధతిలో వస్తే ఆ కూతురికీ మీకూ ఉపయోగం లేదు.

అమెరికా లెక్క మనకెందుకు కుదరదు

అక్కడ చాలా ఇళ్ళకు ఇన్సూరెన్స్ ఉంటుంది, ఇట్లాంటి శుభ్రతకు అయ్యే ఖర్చును చాలా సందర్భాల్లో ఆ కంపెనీయే భరిస్తుంది. నేరం జరిగిన ఇల్లయితే చాలా రాష్ట్రాల్లో బాధితుల నిధి నుంచి కొంత వస్తుంది. 1991లో అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా రక్తం ద్వారా వచ్చే జబ్బుల మీద ఒక కచ్చితమైన రూలు తెచ్చాక, ట్రైనింగూ హెపటైటిస్ బి టీకా సదుపాయమూ లేకుండా పనివాళ్ళను రక్తం దగ్గరికి పంపే వీల్లేకుండా పోయింది. ఆ రూలు ఉంది కాబట్టి ప్రత్యేకంగా ఈ పని చేసే కంపెనీలు పెరిగాయి.

మన దగ్గర సొంతింటికి ఇన్సూరెన్స్ కట్టేవాళ్ళే తక్కువ. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా నేర బాధితులకు పరిహారం వచ్చే పథకం ఉంది, కానీ అది మనిషికి జరిగిన నష్టానికి, కుటుంబం మళ్ళీ నిలదొక్కుకోవడానికి ఇచ్చేది, అది చేతికొచ్చేదాకా గది ఆగదు. అంటే మీ బిల్లు కట్టేది అప్పుడే అంత్యక్రియలకు అప్పు చేసిన కుటుంబమో, వాసనకు పక్క పోర్షన్లు కూడా ఖాళీ అవుతాయని భయపడే ఇంటి ఓనరో. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మీ ప్లానులో సగం అంకెలు మీరే కొట్టేస్తారు.

ఇంకో మాట. రాయలసీమ అనగానే బయటివాళ్ళు ఫ్యాక్షన్ అనుకుని, ఇక్కడ ఈ వ్యాపారానికి కొదవే ఉండదనుకుంటారు. నాతో ఒకాయన మొహం మీదే అన్నాడు, నాకు చాలా బాధేసింది. నాకు వచ్చిన పనుల్లో హత్యలు చాలా తక్కువ. ఎక్కువ భాగం ఒంటరి చావులు, ఇంట్లో జారిపడి రక్తం పోయినవి, ఆత్మహత్యలు, యాక్సిడెంట్ అయిన బండ్లలో రక్తం పట్టిన సీట్లు, ఏళ్ళ తరబడి మంచంలో ఉన్న పేషెంట్ గదులు. మీరు పెట్టబోయేది చావు ఇంటి బరువు కొంత దించే పని.

దారులు నాలుగు

మొదటిది మీరు అడిగేదే, చావు జరిగిన చోట్లు మాత్రమే కడిగే కంపెనీ. పనికి డబ్బు బాగానే వస్తుంది, పోటీ కూడా లేదు. కానీ నెలలో రెండు పనులు రావచ్చు, రెండు నెలలు ఒక్కటీ రాకపోవచ్చు, అయినా ముగ్గురు మనుషులకు జీతం, గోడౌన్ అద్దె, ఎక్స్‌పైరీ అయ్యే కెమికల్ ఖర్చు ఆగవు. ఖాళీగా కూర్చున్న మనిషికి చేయి తిరగదు కూడా, మూడు నెలలకోసారి ఒంటినిండా కప్పే ప్లాస్టిక్ సూటు వేసుకునేవాడు దాన్ని విప్పేటప్పుడే తప్పు చేస్తాడు, అంటుకునేది ఎక్కువగా విప్పేటప్పుడే. హైదరాబాద్, బెంగళూరు లాంటి ఊళ్ళలో అయితే ఆలోచించొచ్చు. ఇక్కడ వద్దు.

రెండోది ఆసుపత్రుల హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు. రక్తం, సూదులు, ఆసుపత్రి చెత్త వేరుచేసే రంగు సంచులు, అన్నీ రోజూ చేతిలో ఉంటాయి కాబట్టి ఇంతకు మించిన ట్రైనింగ్ లేదు, నేను నేర్చుకున్నదంతా అక్కడే. ఇబ్బంది డబ్బుతో. ఒక ప్రైవేటు ఆసుపత్రి నాకు ఏడు నెలల బిల్లు ఆపింది, ఆ ఏడు నెలలూ మా వాళ్ళ జీతాలు నా భార్య గాజులు బ్యాంకులో పెట్టి ఇచ్చాను. అప్పటికి నాకు ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్, లేదు. ఆన్‌లైన్లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అయిపోయే పని అది. అది ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, కట్టకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు, ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆదాయపన్ను చట్టంలో కూడా, చిన్న సంస్థలకు గడువులోగా కట్టని బిల్లును ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోనివ్వడం లేదు. పెద్ద ఆసుపత్రి అకౌంటెంట్లు దీనికి కొంచెం భయపడతారు. కాబట్టి ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. అయినా సరే, మొదలుపెట్టేవాళ్ళు వంద పడకల ఆసుపత్రి జోలికి పోకండి. డెంటల్ క్లినిక్‌లు, బ్లడ్ టెస్ట్ ల్యాబులు, డయాలసిస్ సెంటర్లు, పది పదిహేను పడకల నర్సింగ్ హోములు పట్టుకోండి. డాక్టరే ఓనరు, ఆయనే మిమ్మల్ని చూస్తాడు, ఆయనే డబ్బులిస్తాడు.

మూడోది సెప్టిక్ ట్యాంకులు. దీన్ని కూడా కలిపేసుకుందామా అని చాలామంది అడుగుతారు. మనిషిని దింపే ఆలోచన ఏ మూల ఉన్నా మానుకోండి. 2013 చట్టం రక్షణ లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని నేరం చేసింది, మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అట్లా చనిపోయిన మనిషి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని చెప్పింది. ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, దిగిన మనిషి పడిపోతాడు, కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు. సక్షన్ లారీ కొనే స్తోమత ఉంటే అది వేరే వ్యాపారం, దాన్ని అట్లాగే విడిగా చేసుకోండి.

నాలుగోది ఇళ్ళ డీప్ క్లీనింగ్. గృహప్రవేశం ముందు, పెళ్ళిళ్ళ ముందు, ఉగాదికి, రంజాన్‌కు, అద్దెవాళ్ళు మారినప్పుడు పని ఉంటుంది, పని అయిన రోజే ఫోన్‌పేలో డబ్బు పడుతుంది. మురుగుతో కలిసిన వరద బురద తీయడం కూడా ఇందులోకే వస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు ఇళ్ళలో నిలిచిన బురద, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు అప్పటి కడప జిల్లాలోని రాజంపేట వైపు ఊళ్ళను ముంచినప్పటి బురద చూసినవాళ్ళకు తెలుసు, అది మామూలు మట్టి కాదు, అందులో పశువుల కళేబరాలు, మరుగుదొడ్ల నీళ్ళు అన్నీ ఉంటాయి. అది కూడా జాగ్రత్తగా తీయాల్సిన చెత్తే. పురుగుల మందు కొట్టే పని మాత్రం దీనికి కలపాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద విడిగా లైసెన్స్ కావాలి, దానికి చదువు అర్హత ఉన్న మనిషి కావాలి. లైసెన్స్ లేకుండా స్ప్రేయర్ పట్టుకోకండి.

నేను ఎవరికైనా చెప్పేది రెండూ నాలుగూ కలిపి పెట్టుకోమని. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు నాలుగైదు చిన్న క్లినిక్‌లు నెల జీతం మీద, పగలు ఇళ్ళు, చావు ఇంటి పని పిలుపు వస్తే టీంలో ట్రైనింగ్ అయిన ముగ్గురు దానికి పోతారు. క్లినిక్ పని చేయి తిరగడానికి, ఇళ్ళ పని చేతిలో డబ్బు ఆడడానికి. మీకు ఆసుపత్రి అనుభవం అసలు లేకపోతే మాత్రం, ముందు ఒక ఏడాది ఎక్కడైనా హౌస్‌కీపింగ్‌లో జీతానికి చేరండి. ఇది అవమానం అనుకునేవాళ్ళు ఈ రంగంలోకి రాకపోవడమే మంచిది.

ఏ ఊళ్ళో పెట్టాలి

కర్నూలు అయితే పెద్దాసుపత్రి, మెడికల్ కాలేజీ చుట్టూ పెరిగిన ల్యాబులు, నర్సింగ్ హోములు ఎక్కువ. అటు గద్వాల, అలంపూర్ నుంచి, ఇటు రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా జనం వైద్యానికి వస్తారు. చిన్న క్లినిక్‌ల దారికి మూడింటిలో ఇదే మెరుగు. పైగా 44వ నంబరు హైవే మీద ఉంది కాబట్టి, యాక్సిడెంట్ అయిన కార్లు, ట్రావెల్స్ బండ్ల సీట్లు కడిగే పని గ్యారేజీల ద్వారా వస్తుంది.

అనంతపురం అదే హైవే మీద బెంగళూరు వైపు. ఇక్కడ నేను చూసిన తేడా ఏమిటంటే, పిల్లలు బెంగళూరులో, ముసలివాళ్ళు ఊళ్ళో ఒంటరిగా ఉండే ఇళ్ళు ఎక్కువ. ఫోన్ చేసేది బెంగళూరులో ఉన్న కొడుకు, పని ఇక్కడ. అట్లాంటివాళ్ళు రేటు దగ్గర బేరం ఆడరు, కానీ బిల్లు, ఫోటో, రాతపని అన్నీ పద్ధతిగా అడుగుతారు. పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల పని పట్టుకోగలిగితే మంచిదే, కాకపోతే వాళ్ళు ఈఎస్ఐ, పీఎఫ్, జీఎస్‌టీ కాగితాలన్నీ అడిగాకే గేటు లోపలికి రానిస్తారు, మొదటి ఏడాదిలో ఆశ పెట్టుకోకండి.

కడప ఊరు ఒక్కటే చూసుకుంటే రిమ్స్ పెద్దాసుపత్రి చుట్టూ కొంత పని ఉంటుంది, అంతకంటే ప్రొద్దుటూరును కలుపుకుంటేనే లెక్క తేలుతుంది. ప్రొద్దుటూరులో ప్రైవేటు ఆసుపత్రులు బాగా ఉన్నాయి, అటు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు కూడా దగ్గరే. మూడు ఊళ్ళకూ ఒకే టీం అని మాత్రం అనుకోకండి. కర్నూలు నుంచి అనంతపురం 150 కిలోమీటర్ల చిల్లర, కడప 200 దరిదాపు. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో అంత దూరం పోయి, ఆ వెంటనే ప్లాస్టిక్ సూటు వేసుకుని పనిచేయమంటే మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. సూటులో మేము ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు బయట, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు, ఎండాకాలంలో అయితే తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడతాం.

చెయ్యి పెట్టేముందు

హత్యాస్థలం కడగడానికి మన దేశంలో ప్రత్యేకంగా ఒక లైసెన్స్ అంటూ లేదు. దాంతో ఎవరైనా చేయొచ్చు అనుకుంటారు, కానీ చుట్టూ ఉన్న చట్టాలు చాలానే తగులుతాయి.

అన్నిటికంటే ముఖ్యం పోలీసుల అనుమతి. కుటుంబం ఎంత తొందరపెట్టినా, కేసు చూస్తున్న ఎస్ఐ గానీ సీఐ గానీ "ఇక కడుక్కోవచ్చు" అని చెప్పాకే చెయ్యి పెట్టాలి, ఆ మాట కాగితం మీద లేకపోతే కనీసం వాట్సాప్‌లో అయినా ఉండాలి. సాక్ష్యాలు మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద నేరం, పాత ఐపీసీలో అదే 201. కొత్త చట్టాలు 2024 జూలై 1న వచ్చాక, ఏడేళ్ళు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి చూడాలన్న నియమం కూడా వచ్చింది, రాష్ట్రాలు దాన్ని దశలవారీగా అమలు చేస్తున్నాయి. క్లూస్ టీం రాకముందే మీరు నేల తుడిచేస్తే ఆ కుటుంబానికి అన్యాయం చేసినట్టే, మీరూ ఇరుక్కుంటారు.

తర్వాతది చెత్త. రక్తం పట్టిన పరుపు, గుడ్డలు కార్పొరేషన్ చెత్తబండిలో వేస్తే, తెల్లారి దాన్ని చేత్తో వేరు చేసే ఆడమనిషికి తగులుతుంది. 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం రక్తం పట్టిన గుడ్డలు, దూది పసుపు సంచిలోకి, వాడిన గ్లౌజులు, ట్యూబులు ఎర్ర సంచిలోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు నీలం డబ్బాలోకి పోవాలి. శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచుకోకూడదు. దాన్ని కాల్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రాలు ఉంటాయి, ఆసుపత్రుల నుంచి వాళ్ళ బండి వచ్చి తీసుకుపోతుంది. మీరు సొంతంగా కాల్చే మిషన్ పెట్టుకోవాలా, వాళ్ళతో ఒప్పందం చేసుకోవాలా అంటే, ఆలోచించాల్సిన పనే లేదు, ఒప్పందమే. మొదటి పని ఒప్పుకోకముందే కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు పోయి మీ పని ఏమిటో రాసిచ్చి, ఏ అనుమతి కావాలో రాతలో తీసుకోండి. పొలం గట్టున పరుపు కాల్చేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

నేల సంగతి, యాసిడ్ సంగతి

పరాయి దేశం వీడియోలు చూసి నేర్చుకుంటే మన ఇళ్ళలో పనికిరాదు. వాళ్ళది చెక్క నేల, కార్పెట్టు. మనది నాపబండ, బేతంచెర్ల బండ, పల్లెల్లో మట్టి మిద్దెలు. నాపబండ అంటే సున్నపురాయి, బాత్రూం యాసిడ్ పడగానే బుసబుస పొంగి పైపొర తినేస్తుంది, ఆ గరుకులో మరక ఇంకా లోపలికి పోతుంది. ఒకసారి మేము పోయేసరికే ఇంటివాళ్ళు రెండు సీసాల యాసిడ్ పోసి రుద్దారు, బండ తెల్లగా గుంటలు పడింది, వాసన మాత్రం పోలేదు, ఎందుకంటే అసలు సరుకు బండల సందుల్లోంచి కింద ఇసుకలోకి దిగింది. ఆ నాలుగు బండలూ లేపి, కింద జానెడు ఇసుక తీసి, కొత్తది నింపి మళ్ళీ పరిపించాం. మట్టి నేల అయితే ఇంకా నయం, తడిసినంత మేర తవ్వి తీసేయొచ్చు. కాబట్టి మీ టీంకు బండలు పరిచే మేస్త్రీ ఒకాయన ఫోన్ దూరంలో ఉండాలి, రేటు చెప్పేముందు సందుల్లో గోరుతో గీకి చూడాలి.

యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో ప్రాణాలు పోతాయి. ఇంటివాళ్ళు ముందు ఏం పోశారో అడగకుండా హైపో, అంటే క్రిములు చంపే సోడియం హైపోక్లోరైట్ బ్లీచింగ్ ద్రావణం, సీసా మూత తీయకండి.

రక్తం మీద వేడినీళ్ళు పోయకూడదు, గట్టిపడి పట్టేస్తుంది. ముందు పాత గుడ్డో పేపరో పరిచి పీల్పించి తీసి, చల్లటి సబ్బునీళ్ళతో కడిగి, అప్పుడు హైపో. మురికి మీదే హైపో పోస్తే దాని బలమంతా మురికితోనే అయిపోతుంది. మన ఆసుపత్రుల్లో ఒక శాతం ద్రావణం వాడడం అలవాటు, 5 శాతం హైపో ఒక పాలుకు నాలుగు పాళ్ళు నీళ్ళు. పోసి వెంటనే తుడిచేయకుండా కనీసం పది నిమిషాలు, మేమైతే ఇరవై నిమిషాలు తడిగా ఉంచుతాం. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, డబ్బాను బండి డిక్కీలో ఎండకు పెడితే బలం పోతుంది, మన ఎండలకు అది మరీ తొందరగా పోతుంది. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తంలో కూడా ఏడు రోజుల దాకా బతికి ఉంటుంది, అందుకే "ఎండిపోయింది కదా" అన్న మాటను మా టీంలో ఎవరి నోటా రానివ్వను. ఫినాయిల్ వాసనను కప్పుతుంది, దాన్ని నమ్ముకోకండి.

ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ కుళ్ళిన వాసనలో ఉండే గ్యాసును ఆపదు, దానికి కార్బన్ క్యాట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్ కావాలి. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. రెండు జతల నైట్రైల్ గ్లౌజులు, గమ్‌బూట్లు, కళ్ళద్దాలు, సూట్లు, తడి పీల్చే వాక్యూమ్, స్క్రబ్బర్, అన్నీ కలిపి ముగ్గురికి నా లెక్కలో లక్షన్నర లోపే అవుతుంది. వాసన పోగొట్టే ఓజోన్ మిషన్ ఇప్పుడే కొనకండి, కడగని గదిలో అది పెట్టి ఉపయోగం లేదు. బండి కూడా మొదట అద్దెకే.

మన ఆచారాల విషయం ఒకటుంది. చనిపోయిన నక్షత్రం మంచిది కాదని, ధనిష్ఠా పంచకమని, మూడు నెలలో ఆరు నెలలో ఇంటికి తాళం వేస్తారు. దాన్ని మీరు తప్పుపట్టొద్దు, అది వాళ్ళ నమ్మకం. కానీ తాళం వేయకముందే కడిగించుకోమని నచ్చజెప్పండి. కడగకుండా మూసిన ఇల్లు ఆరు నెలల తర్వాత తెరిస్తే బండలు, తలుపు చెక్కలు కూడా తీసేయాల్సి వస్తుంది. ఈ మాట ఇంటి పురోహితుడి చేత చెప్పిస్తే వెంటనే ఒప్పుకుంటారు, నేను అట్లాగే చేస్తున్నా. ముస్లింల ఇళ్ళలో మూడో రోజు చేసే జియారత్ ప్రార్థన లోపల పని ముగించాలి.

రేటు, అప్పు, మనుషులు

చావు ఇంట్లో భార్యతోనో కొడుకుతోనో డబ్బు మాట్లాడకండి. బావమరిదో మేనమామో ఎవరో ఒకరు ముందుండి నడిపిస్తుంటారు, ఆయన్ను పక్కకు పిలిచి, గది చూసి, ఒకే అంకె కాగితం మీద రాసివ్వండి. సగం ముందు తీసుకోండి. పని మధ్యలో రేటు పెంచకండి. పరుపు కింద, బీరువా సందులో డబ్బు, బంగారం, పాస్‌బుక్కులు దొరుకుతాయి, దొరికిన ప్రతిదీ ఇద్దరి ముందు రాసి సంతకం పెట్టించుకోండి. ఫోటోలు బిల్లు కోసం తప్ప ఇంకెక్కడా పెట్టొద్దు. కస్టమర్లు వస్తారని స్టేటస్‌లో పెట్టినవాళ్ళను నేను నా టీంలోంచి తీసేశాను.

ఒక్కరి పేరు మీదే నడిచే ప్రొప్రైటర్‌షిప్ పెట్టాలా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలా అని అందరూ అడుగుతారు. ప్రొప్రైటర్‌షిప్‌తో మొదలుపెట్టండి, ఫ్యాక్టరీ టెండర్లు వచ్చేనాటికి మార్చుకోవచ్చు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, ఉద్యమ్ ఉంటే చాలు, సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ తప్పనిసరి కాదు. అప్పుకు, చిన్న మొత్తమైతే కేంద్రం ముద్ర లోను బాగుంటుంది, శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షల దాకా. సొంత ఉపాధికి కేంద్రం సబ్సిడీతో అప్పు ఇప్పించే పీఎంఈజీపీ పథకంలో సేవారంగానికి 20 లక్షల ప్రాజెక్టు దాకా ఉంది, సబ్సిడీ పట్టణంలో జనరల్‌కు 15 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకు 25, పల్లెలో అయితే 25, 35. మొదటి ఏడాది ముద్రతో సరిపెట్టుకోండి. సబ్సిడీ కోసం అవసరం లేని మిషన్లు కొని ఈఎంఐలో మునిగినవాళ్ళు నాకు తెలుసు.

ఇక మనుషులు. ఈ పని ఇన్నాళ్ళూ ఏ కులాల మీద తోశారో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. మీరు కంపెనీ పేరు పెట్టి, అదే మనుషులను అదే ఐదొందలకు, అదే క్వార్టర్ సీసాకు పంపితే పెట్టకపోవడమే నయం. తాగి వచ్చినవాణ్ణి మేము పనికి రానివ్వం, తాగాల్సిన అవసరం రాకుండా చూస్తాం. ఒక ఇంట్లో మా వాళ్ళు ఐదు గంటలు కడిగి బయటికొచ్చి నీళ్ళడిగితే, దోసిలి పట్టమని పైనుంచి పోశారు. నేను సామాన్లు సర్దించి, మిగతా సగం డబ్బు తీసుకోకుండానే వచ్చేశాను. అప్పటినుంచి ఒప్పందం కాగితంలోనే రాస్తున్నా, మా పనివాళ్ళకు కూర్చోవడానికి కుర్చీ, గ్లాసులో నీళ్ళు, వాడుకోవడానికి బాత్రూం ఇవ్వాలని.

పదిమంది అయ్యాక ఈఎస్ఐ, ఇరవై అయ్యాక పీఎఫ్ ఎట్లాగూ వస్తాయి. అంతలోపు కనీసం ప్రతి ఒక్కరికీ బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా కట్టండి, ఒక్కోటి రెండు లక్షలు. సూది గుచ్చుకుంటే దాచిపెట్టకుండా, పిండకుండా, సబ్బునీళ్ళతో కడిగి, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు, 28 రోజులు వాడాలి. చిన్నపిల్లల చావు చూసిన రోజు మా వాళ్ళు ఇంటికి పోయి నిద్రపోలేరు, మరుసటి రోజు వాళ్ళకు సెలవు, జీతం కట్ కాదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 మా గోడౌన్ గోడ మీద పెద్దగా రాసి ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఒకరిద్దరు మాట్లాడారు కూడా.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. అంటే మీరు ఈ వారం మొదటి సూది వేయించుకున్నా, మీ చేతులు చావు ఇంటి పనికి సిద్ధమయ్యేసరికి ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు నెలలూ క్లినిక్‌లు, ఇళ్ళు కడుగుతూ ఉండండి. టీటీ కూడా అప్పుడే వేయించుకోండి, ముగ్గురి టీకా కార్డులూ ఒక ఫైల్లో పెట్టుకోండి. కంపెనీ పేరు, బోర్డు, విజిటింగ్ కార్డు ఆ తర్వాత చూసుకోవచ్చు.